పై షడ్జం దగ్గర

ముందుగా ఒక మాట చెప్పుకోవాలి. ఇందులో ఒత్తులు తప్పిపోయినా, దీర్ఘాలు ఉండాల్సిన చోట లేకపోయినా మన్నించండి. అక్షరాలు నాకు జుట్టు నెరిశాక వచ్చాయి. అందుకని ఇంకా కొత్త కోడళ్ళలాగే మసులుతున్నాయి, పిలిస్తే పలుకుతాయి గాని వాటంతట అవి వచ్చి పక్కన కూర్చోవు. నిదానం కూడా ఎక్కువే. మీరు ఒక పేజీ చదివేసే లోపల నేను ఒక వాక్యం రాస్తాను, అదీ మధ్యలో లేచి మంచినీళ్ళు తాగి వచ్చి. ఇక్కడ చెప్పబోయేదంతా ఒక్క కచేరీ సేపట్లో జరిగింది. అంతసేపూ నేను చేసిన పని కూర్చుని నాలుగు తీగెలు మీటడం, అంతే. తలలో మాత్రం ఏవేవో తిరిగాయి. అవి ఏ వరసలో తిరిగాయో ఆ వరసలోనే పెట్టాను. వరస లేనిచోట వరస కల్పించడం నాకు చేతకాలేదు.

తెర లేచింది. తీగెలు మోగుతున్నాయి, పంచమం, షడ్జం, షడ్జం, కింది షడ్జం, మళ్ళీ పంచమం. నా ఎదురుగా అక్కయ్య వీపు. అక్కయ్య అంటే నా తోడబుట్టింది కాదు, పాడే మనిషి. లోకమంతా ఆవిడని బిరుదులు తగిలించి పిలుస్తుంది, నాకు మొదటిరోజు నోటికొచ్చిన పిలుపే ఉండిపోయింది. తంబుర వాయించేవాళ్ళ చోటు పాడేవాళ్ళ వెనక. ఊరంతా పాటని ముందునుంచి వింటే నేను వెనకనుంచి వింటాను. పాడుతున్నప్పుడు ఆవిడ మొహం ఎలా ఉంటుందో ఫోటోల్లో చూసి తెలుసుకోవలసిందే. నాకు తెలిసింది వీపు. మెడ మీది ముడి, ముడి కింద పొడుచుకొచ్చిన ఎముక, ఊపిరి తీసినప్పుడు రెండు రెక్కల మధ్య రవిక వెడల్పయ్యే తీరు. పై స్వరానికి వెళ్ళే ముందు ఆవిడ ఎడమ భుజం రవ్వంత కిందికి దిగుతుంది, బరువెత్తేవాళ్ళు ముందొకసారి వంగినట్టు. గొంతు విప్పకముందే ఆ భుజం చూసి నాకు తెలిసిపోతుంది, ఇదుగో వెళ్తోంది అని. ఇవాళ ఆ భుజాన్నే చూస్తున్నాను. దోమ వాలినా తెలిసేంతగా చూస్తున్నాను.

ఎందుకంటే ఆవిడ జనం ముందు పాడి ఏడాది దాటింది. గొంతులో కాయ లేచింది, డాక్టరమ్మ కోసి తీసింది, ఆ తర్వాత నెలల తరబడి గుసగుస కూడా పనికిరాదంది. ఇప్పుడు మూడో వరసలో కూర్చుని ఉంది డాక్టరమ్మ, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, పరీక్ష రాస్తున్న పిల్లకి తల్లిలాగా. "పాడండి, వద్దనను. పై షడ్జం వైపు మాత్రం వెళ్ళకండి. గొంతు అక్కడ ఏం చేస్తుందో నేను చెప్పలేను" అంది మొన్న. అక్కయ్య బుద్ధిగా తలూపి ఇంటికొచ్చి నాతో చెప్పింది, కాంభోజి రాగం పాడతాను అని. కాంభోజి పాడుతూ పై షడ్జానికి వెళ్ళకపోవడమంటే ఇంటిదాకా వచ్చి గుమ్మం ఎక్కకుండా వెనక్కి పోవడం. ఇవాళ పొద్దున టీ తాగుతూ ఇంకో మాట కూడా అంది, కిటికీ వైపు చూస్తూ, చాలా మామూలుగా: "గొంతు పగిలిందంటే ఇదే ఆఖరు. ఎవరు బతిమాలినా మళ్ళీ ఎక్కను." ఆవిడ సంగతి నాకు తెలుసు. ఎక్కనంటే ఎక్కదు.

పంచమం, షడ్జం, షడ్జం. వేలి కొస చల్లగా ఉంది. మొదట చిన్న పాట ఒకటి అయింది, గొంతు నిలబడింది, మృదంగం మాస్టారు తల పంకించాడు. ఆ పాట మధ్యలో నా చెయ్యి తాళంలో పడబోయింది. పడలేదు, పడబోయింది. తంబురకి తాళం లేదు. మృదంగం ఏ లెక్కలో పరుగెత్తినా, పాట ఎంత ఉరకలేసినా, తంబుర దాని దారిన అది పోతూ ఉండాలి. పాటతోపాటు అడుగు కలిపిందా, ఇక అది తంబుర కాదు. వినడానికి సులువుగా ఉంటుంది గాని నచ్చిన పాట వస్తుంటే చెయ్యి దానంతట అదే కలిసిపోతుంది, పెళ్ళి బాజా వింటే చిన్నపిల్లల కాళ్ళు ఆగనట్టు. నా మొదటి కచేరీలో అదే జరిగింది. పాట అంత బాగుంది, నేను దాంతోపాటే మీటేస్తున్నాను, ఒళ్ళు తెలియకుండా. అక్కయ్య వెనక్కి తిరగలేదు. ఎడమచెయ్యి వీపు వెనక్కి పెట్టి రెండు వేళ్ళు నిదానంగా ఆడించింది, నీళ్ళలో చేప తోక ఆడించినట్టు. నీ దారిన నువ్వు పో అని. ఆ రెండు వేళ్ళు చూసి నాకు సిగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ తర్వాత కచేరీ అయ్యాక అడిగాను, ఏమండీ, అందరూ కలిసి పోతుంటే నేనొక్కదాన్నే వేరుగా ఎందుకు పోవాలి అని. "అందరూ ప్రయాణం చేస్తే తిరిగి రావడానికి ఇల్లొకటి ఉండాలి కదా" అంది. నేనే ఇల్లన్నమాట. ఇంట్లో కూర్చునేదాన్ని కాస్తా ఇల్లయిపోయాను.

మా ఆయన ఈ మాట వింటే మురిసిపోయేవాడు. ఆయన తంబురలు, వీణలు బాగుచేసేవాడు. ఒక్కటే గది, దాంట్లోనే కాపురం, దాంట్లోనే పని. పగిలిన తంబుర బుర్రలు గోడకి ఆనించి ఉండేవి, వాటి మధ్యే మా పొయ్యి. తీగె కింద పెట్టే సన్నటి నూలు పోగు ఉంటుంది, దాన్ని వెంట్రుకవాసి ఇటు జరిపితే తీగె మూగగా ఉంటుంది, అటు జరిపితే తేనెటీగలు లేచినట్టు గదంతా నిండిపోతుంది. ఆయన జరుపుతూ ఉండేవాడు, నేను కూరలు తరుగుతూ చెవి అటు పడేసి "ఇంకా లేదు, ఇంకా లేదు, ఆ, ఇప్పుడు" అనేదాన్ని. ఆయన చెవి కంటే నా చెవి మంచిదని ఆయన నమ్మకం. నిజం కాకపోవచ్చు, పెళ్ళాన్ని మాట్లాడించడానికి అని ఉండొచ్చు. ఆయన పోయాక గదిలో మిగిలిపోయిన తన తంబుర కోసం అక్కయ్య వచ్చింది. బాగైందో లేదో చూడమంది. నేను కూర్చుని బిరడలు తిప్పి శ్రుతి చేసి మోగించాను. ఆవిడ ఉండబట్టలేక అక్కడే, ఆ రంపప్పొట్టులోనే కూర్చుని కళ్ళు మూసుకుంది. లేచేటప్పుడు తంబురతో పాటు నన్ను కూడా తీసుకుపోయింది. ఇప్పుడు నా భుజానికి ఆనుకుని ఉన్నది ఆ తంబురే. ఆయన పెట్టిన పోగు ఎప్పుడో అరిగిపోయింది, నేను మార్చాను, మళ్ళీ మార్చాను. కాని మోగినప్పుడల్లా నాకు తరిగిన వంకాయల వాసన వస్తుంది.

ఆలాపన మొదలైంది. కాంభోజి. కింద నుంచి ఎత్తుకుంది, చాలా కింద నుంచి, మేలుకున్నా లేవబుద్ధి కాని మనిషిలాగా. ఫిడేలాయన వెనకాలే వస్తున్నాడు, ఆవిడ వదిలిన చివర పట్టుకుని. ఈయన వయసులో మా అందరికంటే చిన్నవాడు, నెత్తిమీద మాత్రం మాస్టారికంటే తక్కువ జుట్టు. నన్ను తంబురత్తా అని పిలుస్తాడు. ఆ పేరు ఇప్పుడు సభలవాళ్ళకి కూడా అలవాటైంది. ఇందాక తెర వెనక సభ కార్యదర్శి వచ్చి, ఎలక్ట్రిక్ శ్రుతిపెట్టె ఉంది, మీట నొక్కితే చాలు, పెద్దావిడని శ్రమపెట్టడం ఎందుకు అన్నాడు. ఫిడేలాయన వెంటనే అందుకున్నాడు, "పెట్టె పెట్టొచ్చండీ. కాని మా తంబురత్త అయితే మధ్యలో నిట్టూరుస్తుంది, పెట్టెకి అది రాదు." అందరూ నవ్వారు. అక్కయ్య కూడా, గొంతు వాడకుండా, భుజాలతో. ఆ నవ్వు చూసి నా గుండె కాస్త కుదుటపడింది.

భుజాలతో నవ్వడం ఆ ఏడాదిలో నేర్చుకుంది. గొంతు మూసేసిన ఏడాది. డాక్టరమ్మ ఒక పలక కొనమంది, పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ పలక, దానికి ఒక పుల్ల ఉంటుంది, రాసి అడుగున మీట జరిపితే రాసిందంతా మాయం. ఆవిడ మాట్లాడాల్సిందల్లా దాని మీద రాసేది. ఫిడేలాయనకి రాసేది, ఆయన చదివి పకపకా నవ్వేవాడు. మాస్టారికి రాసేది, ఆయన చదివి రుసరుసలాడేవాడు. నాకు చూపించేది, నేను పలక వంక, ఆవిడ వంక చూసి ఊరుకునేదాన్ని. ఎన్నో ఏళ్ళు ఒకే ఇంట్లో, ఒకే రైలు పెట్టెలో, ఒకే వేదిక మీద గడిపాం, ఎప్పుడూ మా మధ్య మాటలకి లోటు లేదు. ఇప్పుడు ఆవిడ నా ఎదురుగానే కూర్చుని ఏదో గలగలా చెబుతోంది, నాకు వినపడటం లేదు. చెవిటిదాన్నైపోయాను. గొంతు పోయింది ఆవిడకి, చెవి పోయింది నాకు. మూడోరోజో నాలుగోరోజో నేనే పలక లాక్కుని ఆవిడ ఒళ్ళో పెట్టి, "నేర్పండి" అన్నాను.

మాట్లాడని గురువు అక్షరాలు ఎలా నేర్పుతుంది? అక్షరం రాసి పక్కన బొమ్మ వేసేది. బొమ్మ పేరు నేను పలకాలి, పేరులో మొదటి శబ్దం ఆ అక్షరం. పద్ధతి మంచిదే, బొమ్మలే ఆవిడకి రావు. పడవ వేస్తే పడుకోబెట్టిన తంబురలా ఉండేది. నేను ధీమాగా 'త' అనేదాన్ని, ఆవిడ తల కొట్టుకునేది. ఏనుగు వేస్తే మృదంగం మాస్టారిలా ఉండేది, అది మాత్రం ఇద్దరం బయటికి చెప్పలేదు. ఆయన ఒకసారి వచ్చి గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, "గురువుకి నోరు లేదు, శిష్యురాలికి అక్షరం లేదు. భేషైన బడి పెట్టారు తల్లీ" అని పోయాడు. ఒకరోజు టీ తెచ్చి ఇచ్చాను. ఆవిడ ఒక గుక్క తాగి పలక మీద రాసి నా మొహం ముందు పెట్టింది. నేను వేలుపెట్టి ఒక్కొక్కటీ కూడబలుక్కున్నాను. టీ. టీలో. పం. చ. దా. ర. టీలో పంచదార లేదు. చదివేశాను! ఎవరూ చెప్పకుండా, బొమ్మ లేకుండా, మనిషి తలలో ఉన్న మాట నా తలలోకి నడిచొచ్చింది. నేను ఏడ్చాను, నవ్వాను, పక్కింటావిడకి చెప్పడానికి పరుగెత్తాను, చెప్పి తిరిగొచ్చాను. అక్కయ్య మీట జరిపి చెరిపి మళ్ళీ రాసింది. ఇప్పటికీ లేదు.

ఆవిడ గొంతు ఇప్పుడు పంచమం దగ్గర ఉంది. పంచమం మీద నిలబడి చుట్టూ చూస్తోంది. అదే పంచమం నా మొదటి తీగెలోనూ ఉంది, రెండూ కలిసినచోట సన్నటి వెలుగులాంటిది పుడుతుంది. గొంతు మారింది, నాకు తెలుస్తోంది. పూర్వం అది ఇత్తడి, ఇప్పుడు అంచుల్లో కొంచెం చెక్క కలిసింది. పై షడ్జానికి ఒక్క మెట్టు కిందున్న ధైవతం తాకింది. తాకి దిగింది. భుజం కదల్లేదు. ఇంకా లేదు, ఇంకా లేదు. నేను కూరలు తరగడం లేదు, అయినా అదే మాట అనుకుంటున్నాను.

చదువు వచ్చాక పుస్తకాలు తెమ్మంది. పక్క వీధిలో గ్రంథాలయం. ఏం పుస్తకాలు తేను అంటే పలక నిండా రాసింది, అంత పొడుగు చదవడం నాకు అదే మొదలు: "ఇప్పటివాళ్ళు రాసినవి తే. నేను పాడేదంతా పోయినవాళ్ళది. ఇంట్లో బతికున్నవాళ్ళ మాట కూడా వినపడాలి." లైబ్రరీ అమ్మాయి చురుకైనది, ఎవరెవరో కొత్తవాళ్ళ పుస్తకాలు ఏరి ఇచ్చేది. నేను పైకి చదివేదాన్ని, అక్కయ్య కళ్ళు మూసుకుని వినేది. ఇన్నేళ్ళు ఆవిడ పాడితే నేను వెనక కూర్చున్నాను, ఇప్పుడు నేను ముందు, ఆవిడ శ్రోత. నా చదువు ఎంత నిదానమంటే ఒక వాక్యం మొదటి మాట నుంచి చివరి మాటకి వెళ్ళేసరికి మొదటి మాట చల్లారిపోయేది, మళ్ళీ వెనక్కి వెళ్ళి వేడి చేసుకుని రావాలి. పలక లేచేది: "ఆలాపన అయింది. పాట ఎత్తుకో." అలా అనేది గాని తొందరపెట్టేది కాదు. ఒకసారి లిఫ్టు నడిపే మనిషి కథ చదివాను. రోజంతా పైకీ కిందికీ తిరుగుతాడు, ప్రతి అంతస్తు తలుపూ తెరుస్తాడు, ఒక్క అంతస్తులోనూ అడుగు పెట్టడు. నా గురించి ఎవరో రాశారు! నేను వెనక కూర్చోవడం గురించి, ఎప్పుడూ నన్ను చూడని మనిషి, ఎక్కడో కూర్చుని, లిఫ్టు పేరు పెట్టి రాసేశాడు. అంతకుముందు పుస్తకాలంటే రాజులూ దేవుళ్ళూ అనుకునేదాన్ని. ఇప్పటివాళ్ళు ఇలా మన వంటింటి కిటికీలోంచి తొంగిచూస్తారని నాకు ఎవరూ చెప్పలేదు.

కవితల పుస్తకం మొదటిసారి ఇచ్చినప్పుడు తిరిగి పట్టుకెళ్ళి దెబ్బలాడాను. "ఏమ్మా, సగం సగం పేజీ ఖాళీగా ఉంది, సిరా అయిపోయిందా వీళ్ళకి?" లైబ్రరీ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "అలాగే ఉంటుంది పెద్దమ్మా. ఇంటికెళ్ళి పైకి చదివి చూడండి. లైను ఎక్కడ విరిగితే అక్కడ ఆగండి." చదివాను. తల్లి పోయాక ఆవిడ కళ్ళజోడు పెట్టెలో ఉండిపోయింది, ఆ అద్దాలు ఇంక ఎవరి కంటికీ సరిపోవు, అంతే కవిత. లైను విరిగినచోట ఆగాను. ఆగినచోట నా ఊపిరి నాకే వినపడింది. పాటలో ఆవిడ ఒక స్వరానికీ ఇంకో స్వరానికీ మధ్య వదిలే చోటు ఉంటుందే, అది ఇది. కాయితం మీద దాన్ని ఖాళీగా చూపించారు, అంతే తేడా. ఆ ఖాళీ కోసం నేను లైబ్రరీలో అంత గొడవ చేశాను.

ధైవతం. మళ్ళీ ధైవతం. ఈసారి దాన్ని పట్టుకుని ఊపుతోంది, కొమ్మ ఊపితే పైనున్న కాయ ఊగుతుందా అని చూసినట్టు. హాలంతా ముందుకి వంగింది, నాకు కనిపిస్తోంది, చీకట్లో మొహాలు వరసలు వరసలుగా ముందుకి జరిగాయి. వాళ్ళకి కూడా తెలుసు, ఏడాదిగా వాళ్ళు కూడా దీనికోసమే ఆగారు. డాక్టరమ్మ సంచి పట్టుకున్న చేతుల్ని చూస్తున్నాను. వద్దు అక్కయ్యా. వెళ్ళు అక్కయ్యా. రెండూ నేనే అనుకుంటున్నాను. పంచమం, షడ్జం, షడ్జం, కింది షడ్జం.

ఇద్దరు అక్కచెల్లెళ్ళ నవల గుర్తొస్తోంది, ఎందుకిప్పుడు? ఇప్పుడే చెల్లెలు వానలో నిలబడి తలుపు కొడుతోంది. అక్క బస్సులు కడిగే మనిషి, చెల్లెలు టిక్కెట్లు కొట్టే మనిషి, డిపో వెనక ఒకే గది. ఎప్పుడో ఒక మాట అనుకున్నారు, చెల్లెలు సంచి సర్దుకుని పోయింది. ఏళ్ళు గడిచాయి. వాన రాత్రి తలుపు చప్పుడైంది. అక్కకి ఆ చప్పుడు తెలుసు, చెల్లెలు చిన్నప్పటినుంచీ తలుపు అరచేత్తో కొట్టదు, వేలి కణుపుతో కొడుతుంది. అక్క లేచి వచ్చి గడియ మీద చెయ్యి పెట్టింది. అధ్యాయం అయిపోయింది. నేను ఆత్రంగా పేజీ తిప్పాను. తర్వాతి అధ్యాయంలో తెల్లారింది, బస్సులు కడుగుతున్నారు, నురగ కాలవలో పోతోంది. తలుపు సంగతి లేదు. వెనక్కి తిప్పాను, ముందుకి తిప్పాను, రెండు కాయితాలు అంటుకున్నాయేమో అని విడదీసి చూశాను. ఒళ్ళు మండిపోయింది. "ఇదేం మనిషండీ ఈ రాసినావిడ! మనల్ని ఇంతదూరం లాక్కొచ్చి గుమ్మంలో వదిలేసిపోయింది! తీసిందో లేదో చెప్పడానికి ఏమైందట ఈవిడకి?" అని పుస్తకం మంచం మీద పడేశాను. అక్కయ్య కళ్ళు తెరిచి నా వంక చూసి పలక తీసుకుంది. చాలాసేపు పుల్ల పట్టుకుని ఆలోచించి రెండే మాటలు రాసింది. "వదల్లేదు. నీకిచ్చింది."

నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇచ్చేదేదో చేతికివ్వాలి గాని ఇదేం ఇవ్వడం అని గొణుక్కుంటూ టీ పెట్టడానికి పోయాను.

భుజం దిగింది.

ఎడమ భుజం. రవ్వంత కిందికి. ఇదుగో, వెళ్తోంది. పంచమం నుంచి ధైవతానికి ఒక్క ఊపులో ఎక్కింది గొంతు, ఇంక ఒకే మెట్టు, దానిపైన గుమ్మం, ఫిడేలాయన కమాను లేపాడు, లేపి,

లేదు. గొంతు లేదు.

ధైవతం దగ్గర ఆగిపోయింది. పగల్లేదు, వణకలేదు, తెగలేదు. ఆగింది. నా ఎదురుగా వీపు కదలకుండా ఉంది. ఏమైంది? నొప్పా? గొంతు బిగుసుకుందా? నా చెయ్యి కూడా ఆగబోయింది, భయంతో, ఇంట్లో పెద్దవాళ్ళు పడిపోతే చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి పరుగెత్తినట్టు. షడ్జం తీగె మీద వేలు బరువైంది. అప్పుడు ఆవిడ ఎడమచెయ్యి వీపు వెనక్కి వచ్చింది. రెండు వేళ్ళు. నిదానంగా, నీళ్ళలో చేప తోకలాగా. నీ దారిన నువ్వు పో.

పంచమం. షడ్జం. షడ్జం. కింది షడ్జం. నా దారిన నేను పోయాను. హాల్లో ఇంకే చప్పుడూ లేదు. ఫిడేలాయన దేవుడిలాంటి మనిషి, లేపిన కమాను లేపినట్టే గాల్లో పట్టుకున్నాడు, ఆ షడ్జం తను వాయించేసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవాళ్ళు కాదు, వాయించలేదు. మాస్టారు మృదంగం మీద అరచేతులు పరిచి పెట్టుకుని ఉన్నాడు, అది కూడా మోగకుండా. అప్పుడు నా తీగెల లోపలినుంచి, కింది షడ్జంలోంచి, పొగ లేచినట్టు పై షడ్జం లేచింది. అది ఎప్పుడూ అక్కడ ఉంటుంది, మంచి శ్రుతి పడిన తంబురలో ఎప్పుడూ సన్నగా ఉంటుంది. మా ఆయన నూలు పోగు జరిపి జరిపి వెతికేది దాన్నే. ఇన్నేళ్ళూ పాట కింద అది ఎవరికీ వినపడలేదు. ఇవాళ ఆవిడ తప్పుకుని దారిచ్చింది. ముందు వరసలో ఒక ముసలాయన తల నిదానంగా పైకెత్తాడు, కప్పులోంచి ఏదో దిగుతున్నట్టు. ఆయన వెనక ఇంకొకరు. అందరూ వింటున్నారు, ఎవరూ పాడని స్వరాన్ని. ఒక్కొక్కళ్ళూ వాళ్ళ తలలో వాళ్ళే పాడుకుంటున్నారు, ఎవరి గొంతుతో వాళ్ళు, ఎవరికి ఎంత ఎత్తు కావాలో అంత ఎత్తులో. వదల్లేదు. నీకిచ్చింది. టీ పెట్టడానికి పోయిన నేను ఇప్పుడు తిరిగొచ్చాను. పుస్తకం రాసిన ఆ తల్లి ఎవరో, ఎక్కడుంటుందో, ఆవిడ చేతులు ఒకసారి పట్టుకుని చూడాలనిపించింది. గడియ మీద చెయ్యి పెట్టించి తను తప్పుకుంది. ఎంత ధైర్యం ఉండాలి దానికి, ఎంత నమ్మకం ఉండాలి చదివే నా మీద, కాయితాలు అంటుకున్నాయేమో అని విడదీసి చూసే నా మీద!

అప్పుడు అక్కయ్య మళ్ళీ గొంతు విప్పింది. పైన కాదు. కింద, చాలా కింద, కింది షడ్జం వైపుకి దిగుతూ. ఇన్నేళ్ళలో ఆవిడ గొంతు అక్కడికి వెళ్ళగా నేను వినలేదు. ఇదివరకు ఆ గొంతులో లేని గది ఒకటి తెరుచుకుంది. గరగరలాడుతూ, వెచ్చగా, చాలాకాలం మూసి ఉంచిన చెక్కపెట్టె మూత లేపినట్టు. డాక్టరమ్మ సంచి ఒళ్ళోంచి జారిపోయింది, తీసుకోలేదు. మాస్టారు, మనుషుల్ని మెచ్చుకుంటే ఆయుష్షు తగ్గుతుందనుకునే మాస్టారు, "ఆహా" అన్నాడు, పైకే, మైకులో పడేలా. నాకు ఆవిడ మొహం కనపడటం లేదు. అక్కర్లేదు. ముడి కింద ఎముక మీద చెమట చుక్క ఒకటి మెరిసింది, భుజాలు రెండూ సమంగా ఉన్నాయి. నేను నిట్టూర్చాను. ఫిడేలాయనకి వినపడి నవ్వాడు.

తర్వాత పాట వచ్చింది, మృదంగం వచ్చింది, చప్పట్లు వచ్చాయి, జనం లేచి నిలబడ్డారు, డాక్టరమ్మ తెర వెనక్కి వచ్చి అక్కయ్య గొంతు మీద చెయ్యి వేసి, తిట్టబోయి తిట్టలేక ముక్కు చీదుకుని పోయింది. అవన్నీ బయటివాళ్ళు కూడా చెప్పగలరు. కారులో ఫిడేలాయన నడుపుతున్నాడు, మాస్టారు ముందు కూర్చుని అప్పుడే గురక మొదలుపెట్టాడు, వెనక సీట్లో అక్కయ్యా నేనూ, మా ఇద్దరి మధ్య అడ్డంగా తంబుర. కచేరీ అయ్యాక మర్నాటిదాకా మాట్లాడకూడదని ఆవిడకి ఆజ్ఞ. దీపాలు వెలిగిన వీధులు వెనక్కి పోతున్నాయి. నేను ఉగ్గబట్టుకున్నాను, ఇంక ఉగ్గబట్టుకోలేకపోయాను.

"అక్కయ్యా, నిజం చెప్పండి. ఆ షడ్జం మీకు అందలేదా? అందినా వదిలేశారా?"

ఫిడేలాయన అద్దంలోంచి వెనక్కి చూశాడు. ఆయన కూడా అదే అడుగుదామని ఉన్నాడని నాకు తెలుసు. అక్కయ్య సంచిలోంచి పలక తీసింది, తంబుర బుర్ర మీద ఆనించుకుని రాసింది, నా వైపు తిప్పింది. వీధి దీపం వెలుగు వచ్చినప్పుడు ఒక మాట, పోయి ఇంకోటి వచ్చినప్పుడు ఇంకో మాట, అలా కూడబలుక్కుని పైకి చదివాను.

"ఇంతకీ అక్క తలుపు తీసిందా, తియ్యలేదా?"

"ఏ తలుపండీ?" అన్నాడు ఫిడేలాయన.

"నీకెందుకు నాయనా, రోడ్డు చూసి నడుపు."

అక్కయ్య భుజాలతో నవ్వుతోంది. నేను ఆలోచించాను. చాలా వీధులు దాటేదాకా ఆలోచించాను. గడియ ఎలా ఉండి ఉంటుంది, వానకి బిగుసుకుపోయి ఉంటుందా, చెల్లెలి జుట్టులోంచి నీళ్ళు ఎలా కారుతుంటాయి, అక్క చేతికి ఇంకా సబ్బు వాసన ఉంటుందా, అన్నీ చూశాను, ఎవరూ రాయనివన్నీ చూశాను. మా వీధి మలుపు తిరిగాక చెప్పాను.

"తీసింది అక్కయ్యా."

ఆవిడ తలూపి, మీట జరిపి, పలక చెరిపేసింది.

ఇది రాసింది తంబురత్త. వయసు అరవై దాటి, డెబ్భైకి ఇవతల. ప్రస్తుతం ఉండేది అక్కయ్యగారింట్లో, వీధి వైపు కిటికీ ఉన్న గదిలో, పక్కన తంబుర, తలగడ కింద సగం చదివిన పుస్తకం.